అంబత్తూరు ప్రాజెక్టు డైరీ: టెక్నీషియన్ ఫోను, నాలుగు సిస్టమ్‌లు

జూన్ 3

ముందు పని ఏమిటో రాసి పెట్టుకుంటాను. క్లయింటు డీజిల్ జనరేటర్లు సర్వీసు చేసే కంపెనీ. ఆఫీసు, స్టోరు రెండూ అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనే. చెన్నై మొత్తం, ఉత్తరాన గుమ్మిడిపూండి, ఇంకా పైకెళ్తే మన తడ, శ్రీసిటీ, సూళ్లూరుపేట దాకా వీళ్ల మనుషులే తిరుగుతారు. ఆస్పత్రిలోనో కల్యాణమండపంలోనో కరెంటు పోయి, జనరేటర్ స్టార్ట్ కాలేదంటే ఫోను మోగేది ఇక్కడ.

ఆ టెక్నీషియన్ చేతిలో ఒక ఆండ్రాయిడ్ యాప్ పెట్టాలి. సైటుకు వెళ్లేవాడు అడిగేవి పెద్ద విషయాలేం కావు. ఎక్కడికి వెళ్లాలి? ఈ సెట్టుకి ఇదివరకు ఏం చేశారు? ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఉందా? కావాల్సిన స్పేరు స్టోర్లో దొరుకుతుందా? ఈ కస్టమరు దగ్గర పాత బాకీ ఉందా? వీటి జవాబులు మాత్రం ఒక్క చోట లేవు. స్పేర్లు, కస్టమర్ మాస్టర్ ఎస్‌ఏపీ ఈసీసీలో ఉన్నాయి (కంపెనీ లావాదేవీలు నడిపే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్‌లో పాత తరంది). కంప్లయింట్లు, సర్వీసు చరిత్ర ఎప్పుడో ఎవరో రాసిచ్చిన విండోస్ సాఫ్ట్‌వేర్‌లో, దాని వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేసు. బిల్లులు, వసూళ్లు ట్యాలీలో. ఏఎంసీ ఒప్పందాలు ఎక్సెల్లో. ఆ ఎక్సెల్ ఫైలు పేరు ‘ఏఎంసీ ఫైనల్ కొత్తది 2’. అదే ఫోల్డర్లో ‘ఫైనల్ కొత్తది 3’ కూడా ఉంది, అది మాత్రం పాతదట.

మొదటి మీటింగులోనే ఒకాయన అడిగాడు: “ఫోను నుంచి నేరుగా డేటాబేసుకి కలిపేయచ్చు కదండీ, మధ్యలో ఇంకో సర్వర్ ఎందుకు, ఖర్చు?” కుదరదన్నాను. యాప్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ పెడితే ఆ ఫైలుని విప్పి చూసే ప్రతివాడి చేతికీ తాళం ఇచ్చినట్టే. పైగా రేపు ఈసీసీ పోయి కొత్తది వస్తే అందరి ఫోన్లలోనూ యాప్ మార్చాలి. ఈసీసీలో ఎన్‌హాన్స్‌మెంట్ ప్యాక్ 6 నుంచి 8 వరకు వాడేవాళ్లకి ఎస్‌ఏపీ ఇచ్చే మామూలు మద్దతు 2027 చివరిదాకానే. అంటే ఆ రోజు దూరంలో లేదు. అందుకని మధ్యలో మా సర్వర్ ఒకటి, దానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేసు. ఫోను దానితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు.

జూన్ 6

కోడు మొదలెట్టే ముందు డిస్పాచ్ డెస్కు దగ్గర కూర్చుంటానని పట్టుబట్టాను. అక్కడ కాల్స్ తీసుకునేది నెల్లూరావిడ, ఆఫీసంతా అక్కా అనే పిలుస్తారు. కస్టమరుతో తమిళం, టెక్నీషియన్లలో సగంమందితో తెలుగు, మేనేజరుతో రెండూ కలిపి.

పూనమల్లి హైరోడ్డులోని ఒక ఆస్పత్రి నుంచి కాల్ వచ్చింది. స్క్రీన్ మీద అదే పేరుతో మూడు రికార్డులు. ఆవిడ ఆలోచించకుండా రెండోదాన్ని నొక్కింది.

“ఎట్టా తెలిసిందక్కా?”

“మొదటిది పాత బిల్డింగు అబ్బయ్యా, ఖాళీ చేసేశారు. మూడోది బిల్లు పంపే అడ్రసు. జనరేటరు ఉండేది ఈ రెండోదాంట్లో.”

ఈ సంగతి ఏ టేబుల్లోనూ లేదు. కాసేపటికి శ్రీపెరంబుదూరు నుంచి ఒక టెక్నీషియన్ ఫోన్ చేసి, ఫలానా ఇంజెక్టర్ ఉందా అని అడిగాడు. ఎస్‌ఏపీలో స్టాకు 2 అని కనబడుతోంది. అక్క దాన్ని చూసి కూడా స్టోరుకి ఫోన్ చేసింది. స్టోరు పెద్దాయన రిజిస్టరు తిప్పి, ఆ రెండూ గిండీ ఫ్యాక్టరీకని పక్కన పెట్టానన్నాడు. “లేదు నాయనా, రేపు వస్తుంది” అని టెక్నీషియన్‌కి చెప్పి పెట్టేసింది.

నాకు ఈ రోజు దొరికిన పని వివరణ ఇదే. నాలుగు సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి పొసగవు. పొసగనట్టు ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఈవిడ రోజుకి వందసార్లు ఫోన్లు చేసి అతుకుతోంది. మనం పైపులు వేసి ఎస్‌ఏపీలోని ‘2’ని నేరుగా ఫోనులో చూపిస్తే ఏమవుతుంది? టెక్నీషియన్ దాన్ని నమ్ముకుని శ్రీపెరంబుదూరు నుంచి అంబత్తూరు దాకా బండి తోలుకొస్తాడు. కనెక్ట్ చేయడమంటే అక్క చేసే అతుకుల్లో ఎన్నిటిని సర్వర్ చేయగలదో చూడటం, మిగిలినవి ఆవిడ చేతిలోనే ఉంచడం. టీమ్‌కి ఇలాగే చెప్పాను. మొబైల్ యాప్ రాసే గుంటూరు తమ్ముడు “అయితే ఏపీఐలు ఎప్పుడిస్తావన్నా?” అన్నాడు. యాప్ మా సర్వర్‌ని సమాచారం అడిగే దారులవి. వాడి టెన్షన్ వాడిది.

జూన్ 12

బోర్డు మీద ఒక పట్టిక గీసి అన్ని డిపార్ట్‌మెంట్ల వాళ్లనీ కూర్చోబెట్టాం. ఎడమవైపు ఒక్కో సమాచారం, కుడివైపు దాని యజమాని సిస్టమ్. యజమాని ఒక్కటే ఉండాలి. మిగతా చోట్ల ఉన్నవి కాపీలు. ఫోనులో ఏది మార్చినా ఆ మార్పు యజమాని దగ్గరికే వెళ్తుంది, అక్కణ్నుంచే మిగతావాటికి పాకుతుంది.

గంటలో అయిపోతుందనుకున్న మీటింగు భోజనాల వేళ దాటిపోయింది. ఎక్కువ పోట్లాట కస్టమరు ఫోన్ నంబరు మీద. అకౌంట్స్ వాళ్లు మాదే సరైనదన్నారు, సర్వీసు వాళ్లు మాదే అన్నారు. ఒక పది రికార్డులు తెరిచి చూస్తే ఇద్దరిదీ సరైనదే. అకౌంట్స్ నంబరు బిల్లు పాస్ చేసే మనిషిది, సర్వీసు నంబరు గేటు తాళం ఉన్న మనిషిది. రెండు వేర్వేరు గడులు కావాల్సింది ఒకటే ఉంటే పోట్లాట రాక ఏమవుతుంది? విడదీశాం. సైటు కాంటాక్టు సర్వీసు సాఫ్ట్‌వేర్‌ది, బిల్లింగు కాంటాక్టు ఎస్‌ఏపీది.

ఏఎంసీ ఎక్సెల్‌కి మాత్రం యజమాని దొరకలేదు. అందరూ చూస్తారు, అందరూ మారుస్తారు, తప్పొస్తే ఎవరిదీ కాదు. దాన్ని మా సర్వర్లో ఒక టేబుల్‌గా మార్చి, సర్వీసు మేనేజరుకి చిన్న స్క్రీన్ ఇచ్చి, ఫోల్డర్లోని ఫైలుని చదవడానికి మాత్రమే పనికొచ్చేలా చేస్తామన్నాం. ఆయనకి ఇష్టం లేదు, అయినా పట్టిక మీద సంతకం పెట్టాడు. ఆ సంతకాల కాగితాన్ని స్కాన్ చేసి ప్రాజెక్టు ఫోల్డర్లో పెట్టాను. మూడు నెలల తర్వాత ఎవరైనా “ఇది మా దగ్గర ఎందుకు మారట్లేదు?” అంటే చూపించడానికి.

జూన్ 19

ఎస్‌ఏపీ వారం. వాళ్ల కన్సల్టెంటు మనవాడే, కడప. స్టాకు చూడటానికి, స్పేరు వాడినట్టు రాయడానికి గేట్‌వేలో (ఎస్‌ఏపీకి బయటి ప్రోగ్రాములు వచ్చే తలుపు) ఓడేటా సర్వీసు కట్టిచ్చాడు. ఓడేటా అంటే వెబ్ ద్వారా డేటా అడిగే, రాసే పద్ధతి. రేపు కొత్త వెర్షన్‌కి మారినా ఓడేటా ఉంటుంది, మా వైపు మార్చాల్సింది తక్కువ.

అందరికీ తగిలేవే మాకూ తగిలాయి. మెటీరియల్ నంబరు ఈసీసీలో 18 అక్షరాలు. అంకెలతోనే ఉన్న నంబర్లకి ముందు సున్నాలు నింపి లోపల దాచుతుంది, స్క్రీన్ మీద ఆ సున్నాలు తీసి చూపిస్తుంది. సర్వీసు సాఫ్ట్‌వేర్‌లో జనం చేత్తో కొట్టినవి సున్నాలు లేనివి. కస్టమర్ నంబరు పది అక్షరాలు, అక్కడా ఇదే కథ. ఎక్సెల్ గుండా ఒక్కసారి పోయివచ్చిన నంబరుకి సున్నాలన్నీ ఊడిపోయి ఉంటాయి. సరిహద్దులోనే ఒక్క చోట సున్నాలు కలిపి, తీసే ఫంక్షన్ పెట్టాం. లోపల ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు.

రెండోది, గేట్‌వేకి ఏదైనా రాయాలంటే ముందు ఒక జీఈటీ (చదివే అభ్యర్థన) పంపి సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (రాసేది మనమేనని చూపే గుర్తు) తెచ్చుకోవాలి. ఆ టోకెన్‌తోపాటు అదే సెషన్ కుకీలు కూడా తిరిగి పంపాలి. టోకెన్ ఒక్కటే పంపితే 403, అంటే అనుమతి లేదని మొహం మీద కొడుతుంది. మా కుర్రాడు కుకీలు వదిలేసే హెచ్‌టీటీపీ లైబ్రరీతో ఒక పూటంతా కుస్తీ పట్టాడు.

ఇక అసలు సంగతి, స్టోరు పెద్దాయన రిజిస్టరు. ఆయన పక్కన పెట్టిన స్పేర్లు ఎస్‌ఏపీకి తెలియాలి. ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రిజర్వేషన్లు ఎంటర్ చేయమంటే చేయడు, చేయాల్సిన అవసరమూ లేదు. టెక్నీషియన్ యాప్‌లో స్పేరు అడగ్గానే సర్వర్ ఎస్‌ఏపీలో రిజర్వేషన్ వేస్తుంది. ఫోనులో కనబడే అంకె మొత్తం స్టాకులోంచి రిజర్వేషన్లు తీసేసినది. దాని కింద చిన్న అక్షరాల్లో ‘10:40కి చూసినది’ అని సమయం. ఎప్పటిదో చెప్పని అంకెని ఫోనులో చూపించకూడదన్నది నా పట్టుదల. డిజైన్ చేసే అమ్మాయి స్క్రీన్ నిండిపోతుందని గొణిగింది, నేను తగ్గలేదు.

టెక్నీషియన్ సంచీలో ఉండే ఫిల్టర్లు, బెల్టులు కూడా లెక్కలోకి రావాలి. ఒక్కో టెక్నీషియన్‌కి నాలుగక్షరాల స్టోరేజ్ లొకేషన్ కోడు ఇచ్చారు. సరుకు కదిలినప్పుడల్లా ఎస్‌ఏపీలో ఒక కోడు పడుతుంది: స్టోరు నుంచి సంచీలోకి వెళ్తే 311 మూవ్‌మెంట్, సర్వీసు ఆర్డరు మీద వాడితే 261. ఇన్నాళ్లూ స్టోరు దాటగానే ఖర్చు రాసేసేవాళ్లు. సంచీలో వాడకుండా మిగిలిన ఫిల్టరు కంపెనీ లెక్కలో లేదు, మనిషి దగ్గర మాత్రం ఉంది.

జూన్ 26

సర్వీసు సాఫ్ట్‌వేర్. రాసినవాళ్లు ఇప్పుడు లేరు, సోర్సు కోడూ లేదు. డేటాబేసు మాత్రం ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్లో 2008 నుంచి ఛేంజ్ ట్రాకింగ్ అని ఒక సదుపాయం ఉంది. ఏ వరసలు మారాయో అదే చెబుతుంది, టేబుల్ మొత్తం మళ్లీ మళ్లీ చదవక్కర్లేదు. కానీ టేబుల్‌కి ప్రైమరీ కీ (ప్రతి వరసనీ విడిగా గుర్తించే గడి) ఉండాలి. కంప్లయింట్ల టేబుల్‌కి ఉంది. జనరేటర్ల టేబుల్‌కి లేదు! ఒకే సీరియల్ నంబరు రెండుసార్లు ఎంటరయి ఉంది, అందుకని కీ పెట్టబోతే ఒప్పుకోదు. అక్క, సర్వీసు మేనేజరు కూర్చుని ఆ జంటల్ని విడదీసేదాకా ఆగాం. దీన్ని ప్రోగ్రామ్‌తో తేల్చేద్దామని తమ్ముడు అన్నాడు. ఏది నిజం జనరేటరో ప్రోగ్రామ్‌కి ఎలా తెలుస్తుంది?

ఇంకోటి గమనించాలి. ఛేంజ్ ట్రాకింగ్ పాత మార్పుల్ని మామూలుగా రెండు రోజులే దాచుకుంటుంది. పొంగల్ సెలవుల్లో మన సర్వర్ మూడు రోజులు ఆగిపోతే మధ్యలో మారినవి తప్పిపోతాయి. గడువు పెంచాం, అయినా దాటిపోతే మొత్తం టేబుల్ మళ్లీ చదివేలా కట్టాం.

అడ్రసు గడిలో కొన్ని రికార్డులు పూర్తిగా ప్రశ్నార్థకాలే. ఎవరో తమిళంలో టైపు చేశారు, కాలమ్ వార్‌చార్. ఈ డేటాబేసులో తమిళం, తెలుగు లాంటి యూనికోడ్ అక్షరాలు పట్టాలంటే ఆ కాలమ్ రకం ఎన్‌వార్‌చార్ ఉండాలి. ప్రశ్నార్థకంగా మారింది మళ్లీ అక్షరం కాదు, పోయింది పోయినట్టే. సూళ్లూరుపేట వైపు తెలుగులో కొట్టిన రెండు మూడు ల్యాండ్‌మార్కులదీ అదే గతి. టెక్నీషియన్లు సైటుకు వెళ్లినప్పుడు వాళ్లతోనే మళ్లీ రాయించుకోవాలి.

సమయాలు కూడా. ఆ డేటాబేసులో టైమ్‌జోన్ అనే మాటే లేదు, అన్నీ మన టైమే. మేం యూటీసీలో దాచుతాం. జూలై 1 తెల్లవారుజామున 2 గంటలకి వచ్చిన కాల్ యూటీసీలో జూన్ 30 రాత్రి 8:30. నెలవారీ ఏఎంసీ కాల్స్ లెక్కేసేటప్పుడు ఐదున్నర గంటలు మరిచిపోతే కాల్ పోయి పాత నెలలో పడుతుంది. రిపోర్టులన్నీ మన తేదీతోనే గుంపు చేయాలని కోడ్ రివ్యూ నియమాల్లో రాసేశాం.

జూలై 2

ట్యాలీ. ట్యాలీతో ఎక్స్‌ఎంఎల్‌లో మాట్లాడొచ్చు, మామూలుగా 9000 పోర్టులో వింటుంది. అయితే ఆ కంప్యూటర్లో ట్యాలీ తెరిచి, కంపెనీ లోడ్ చేసి ఉండాలి. అకౌంటెంటు గారు భోజనానికి లేచినప్పుడు మూసేసి వెళ్తారు, మంచి అలవాటే, మార్చమని ఎలా చెబుతాం? అందుకని ఫోను అడిగినప్పుడల్లా ట్యాలీని అడగడం మానుకున్నాం. ఆ కంప్యూటర్లోనే ఒక చిన్న ప్రోగ్రామ్, ట్యాలీ తెరిచి ఉన్నప్పుడు ఆల్టర్ ఐడీ (మార్పు జరిగినప్పుడల్లా పెరిగే నంబరు) చూసి కొత్తగా మారినవాటినే పట్టుకొస్తుంది. డిలీట్ చేసిన ఓచర్లు ఇలా దొరకవు కనుక పొద్దున తెరవగానే ఒకసారి జాబితా మొత్తం పోల్చుకుంటుంది.

బాకీ ఎంతో టెక్నీషియన్‌కి చూపించొద్దని అకౌంటెంటు గారి మాట. “లక్షా ఎనభై వేలు అని వీడి ఫోన్లో ఉంటే, వీడు వాచ్‌మన్ ముందు చదువుతాడు, రేపు వాళ్ల ఎండీ నాకు ఫోన్ చేస్తాడు.” నిజమే. అంకె తీసేసి ‘వెళ్లే ముందు ఆఫీసుతో మాట్లాడండి’ అన్న గుర్తు ఒక్కటి పంపుతున్నాం. అవసరం లేని సమాచారం ఫోనులో లేకపోతే ఫోను పోయినప్పుడు మనకీ ఒక బెంగ తక్కువ.

జూలై 10

అడ్రసులు. ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ఎక్కువ టైమ్ తిన్నది ఇదే. ఇంకా తింటోంది.

ఎస్‌ఏపీ కస్టమర్‌ని సర్వీసు సాఫ్ట్‌వేర్ కస్టమర్‌తో జత కలపాలి. మొదట జీఎస్టీ నంబరుతో చూశాం. 15 అక్షరాలు, మొదటి రెండు రాష్ట్రం కోడు, తర్వాతి పది పాన్. చివరి అక్షరం చెక్ కోడు కాబట్టి టైపింగు తప్పులు అక్కడే దొరికిపోతాయి. కంపెనీలు చకచకా జతపడ్డాయి. కానీ ఒక కంపెనీకి తమిళనాడు అంతటికీ 33తో మొదలయ్యే నంబరు ఒక్కటే ఉండొచ్చు. దాని కింద గిండీ ఫ్యాక్టరీ, ఒరగడం గోడౌను, హోసూరు యూనిట్ అన్నీ ఒకే గుంపు. టెక్నీషియన్‌కి కావాల్సింది కంపెనీ కాదు, జనరేటర్ ఉన్న గోడ.

అక్కణ్నుంచి అడ్రసులోకి దిగాం. చెన్నై అడ్రసు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒకే తలుపుకి పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉంటాయి. ఎస్‌ఏపీలో ‘న్యూ నం. 51’, సర్వీసులో ‘24’. ఈ 24 పాత నంబరా, కొత్తదా? పక్కింటి కొత్త నంబరు కూడా 24 అయి ఉండొచ్చు. రోడ్ల పేర్లూ అంతే. ఒకదాంట్లో మౌంట్ రోడ్డు, ఇంకోదాంట్లో అణ్ణా సాలై. పూనమల్లి హైరోడ్డు ఒకచోట, ఈవీఆర్ పెరియార్ సాలై ఇంకోచోట. ఓఎంఆర్ అని ఒకరు, రాజీవ్ గాంధీ సాలై అని ఇంకొకరు. ఊరి పేరు 1996లో మారింది, అయినా మద్రాసు అనే ఉన్న రికార్డులు ఉన్నాయి. అవి అంతకు ముందువి కూడా కాదు, కొట్టినవాళ్ల అలవాటు.

రోడ్ల పాత, కొత్త పేర్లకి పట్టిక చేశాం. తలుపు నంబరు ఒక్క గడి కాకుండా పాతది, కొత్తది, ఏదో తెలియనిది అని మూడు. పిన్‌కోడు, రోడ్డు, కంపెనీ పేరులోని మొదటి మాటలు, ఇవి కలిస్తే మార్కులు. మార్కులు బాగా వచ్చినవి వాటంతటవే జతవుతాయి. అసలు రానివి విడిగా ఉంటాయి. మధ్యలో ఉన్నవి అక్క స్క్రీన్ మీదికి వెళ్తాయి: ఎడమ ఒకటి, కుడి ఒకటి, కింద ‘ఒకటే’, ‘వేరు’, ‘తెలీదు’. మూడో బటన్ పెట్టాలని అక్కే అంది. ఆవిడ ‘తెలీదు’ నొక్కినవి ఆ సైటుకి తర్వాత వెళ్లే టెక్నీషియన్ యాప్‌లో ప్రశ్నగా వెళ్తాయి. అక్కడ నిలబడ్డవాడికి గేటు మీద రెండు నంబర్లూ కనబడతాయి. వాడు ‘ఇక్కడే ఉన్నాను’ నొక్కితే జీపీఎస్ కూడా వస్తుంది. ఇక ఆ సైటుకి అడ్రసు ఎలా రాసినా బాధ లేదు.

ఒక్క హెచ్చరిక. జతపరచిన రికార్డుల్ని కలిపేసి ఒకటి చేయలేదు, రెండు నంబర్ల మధ్య లంకె మాత్రమే రాశాం. తప్పు జత అని తేలితే లంకె తెంపితే చాలు. కలిపేసిన సర్వీసు చరిత్రని విడదీయడం ఎవరి తరమూ కాదు.

జూలై 18

నెట్ లేని చోట పని. జనరేటర్లు ఎక్కడ ఉంటాయి? రెండో బేస్‌మెంట్‌లో, లేకపోతే ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో. సిగ్నల్ ఉండదు. నెట్ ఉంటేనే నడిచే యాప్ ఇక్కడ దండగ.

పొద్దున టెక్నీషియన్ ఇంట్లో ఉండగానే ఆ రోజు కాల్స్, ఆయా జనరేటర్ల చరిత్ర మాత్రం ఫోనులోని ఎస్‌క్యూఎల్ లైట్ అనే చిన్న డేటాబేసులోకి దిగుతాయి. మొత్తం డేటా దింపడం లేదు. సైటులో నొక్కిన ప్రతిదీ ముందు ఫోనులోనే ఒక క్యూలో పడుతుంది, సిగ్నల్ రాగానే వరసగా వెళ్తుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ ఉంది, ఫోను కదలకుండా పడుంటే వెనక నడిచే పనుల్ని ఆపి పెడుతుంది. వెనక పనులకి ఆండ్రాయిడ్‌లో ఉన్న వర్క్‌మేనేజర్‌తో చేసినా నిర్ణీత వ్యవధి పని 15 నిమిషాలకంటే తరచుగా జరగదు. కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో అసలు నడవనివ్వవు. అందుకని యాప్ తెరిచిన ప్రతిసారీ పంపడం, దానికితోడు పైన పసుపు పట్టీలో ‘పంపాల్సినవి 3’ అని చూపించడం. మనిషికి తెలిస్తే మెట్లెక్కి బయటికొచ్చి ఒకసారి తెరుస్తాడు.

చిక్కు ఎక్కడంటే, పంపింది సర్వర్‌కి చేరి, ‘అందింది’ అన్న జవాబు మధ్యలో పోతే. ఫోను మళ్లీ పంపుతుంది. కామెంటు రెండుసార్లు పడితే నవ్వుకుంటాం, ఇంజెక్టర్ రెండుసార్లు తగ్గితే స్టోరు పెద్దాయన మన మీదికొస్తాడు. ప్రతి నమోదుకీ ఫోనులోనే ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రాని పొడుగాటి గుర్తు) తగిలించాం, అదే ఐడీతో రెండోసారి వస్తే సర్వర్ పాత జవాబునే తిరిగిస్తుంది. ఇంతవరకు మామూలే. కానీ మా సర్వర్‌కీ ఎస్‌ఏపీకీ మధ్య కూడా ఇదే జరగొచ్చు: అక్కడ పోస్ట్ అయి, మాకు టైమవుట్. అప్పుడు ఎస్‌ఏపీనే అడగాలి, ‘ఇది నీ దగ్గర ఉందా?’ అని. అడగాలంటే మన గుర్తు అక్కడి డాక్యుమెంటులో ఉండాలి. రిఫరెన్స్ గడి 16 అక్షరాలు. యూయూఐడీ 36. పట్టదు.

కడప అన్న సలహా: టెక్నీషియన్ కోడు నాలుగు అక్షరాలు, తేదీ ఆరు, ఆ రోజు వరస నంబరు మూడు. మొత్తం 13. పట్టింది. టైమవుట్ అయితే ముందు ఆ రిఫరెన్స్‌తో వెతికి, లేకపోతేనే మళ్లీ పోస్ట్. ఇంకో లాభం కూడా వచ్చింది. స్టోరు పెద్దాయన ఎస్‌ఏపీ ప్రింటు మీద ఆ 13 అక్షరాలు చూసి ఎవరు, ఎప్పుడు వాడారో చెప్పేస్తున్నాడు. యూయూఐడీ అయితే ఎవరు చదువుతారు!

ఫోటోలు ఈ క్యూలో లేవు, వాటికి వేరే క్యూ. ఫోటో బరువుకి మామూలు నమోదు ఆగిపోకూడదు.

జూలై 25

లాగిన్. ఆఫీసువాళ్లకి డొమైన్ ఖాతాలున్నాయి (ఆఫీసు నెట్‌వర్క్ లాగిన్లు), టెక్నీషియన్లలో చాలామంది కాంట్రాక్టు, వాళ్లకి లేవు. మొబైల్ నంబరు, ఓటీపీ. మన దేశంలో కంపెనీ పేరుతో ఎస్ఎంఎస్ పంపాలంటే ఆ మెసేజీ టెంప్లేటు టెలికం కంపెనీలు నడిపే డీఎల్‌టీ రిజిస్టరులో నమోదై ఉండాలి. టెంప్లేటులో ఉన్నదానికీ పంపేదానికీ ఒక్క మాట తేడా ఉన్నా వెళ్లదు. ఓటీపీ ఒకసారి చాలు, తర్వాత ఓఆథ్ రిఫ్రెష్ టోకెన్‌తో (లాగిన్‌ని మళ్లీ అడగకుండా కొనసాగించే తాళంచెవి) నడుస్తుంది, బేస్‌మెంట్‌లో మళ్లీ లాగిన్ అడిగితే తిట్లు తప్పవు. ఫోను పోతే అక్క స్క్రీన్ నుంచే ఆ టోకెన్ రద్దు. ఎస్‌ఏపీ వైపు మా ఖాతాకి ఇచ్చిన అనుమతులు కడప అన్న కట్టిచ్చిన ఓడేటా సర్వీసుకి మాత్రమే.

ఆగస్టు 6

శ్రీసిటీ ట్రయల్. సూళ్లూరుపేట టెక్నీషియన్‌తో కలిసి వెళ్లాను. మొదటి సైటు గేటు దగ్గరే సెక్యూరిటీ అతను మా ఫోన్ల కెమెరాల మీద స్టిక్కర్లు అంటించాడు. ఇక్కడి ఫ్యాక్టరీల్లో ఇది మామూలే. లోపల బి-చెక్ (గడువు ప్రకారం చేసే సర్వీసు) పూర్తయింది, ఆయిలు, ఫిల్టర్లు మార్చాడు. యాప్ కాల్ మూయనివ్వదు, ఫోటో తప్పనిసరి. ఆ నిబంధన హెడ్డాఫీసు వాళ్లది, ‘ఫోటో లేకపోతే పని చేశారని నమ్మకమేంటి?’ అని పెట్టించుకున్నది.

“సార్, ఇప్పుడు స్టిక్కర్ పీకితే మనల్ని బయటికి పంపరు, పోలీసుల్నే పిలుస్తారు” అన్నాడు.

వెంటనే మేనేజరుకి ఫోన్ చేయించాను. ‘కెమెరాకి అనుమతి లేదు’ అన్న కారణం ఎంచుకుంటే కస్టమరు సంతకంతో మూసేలా మార్చాం.

అక్కడే ఇంకోటి. అవర్ మీటరు రీడింగు 41 గంటలు. పోయినసారి 6,212. రీడింగు తగ్గదు కదా అని యాప్ ఎర్రగీత పెట్టింది. కంట్రోలర్ కాలిపోతే కొత్తది వేశారట, మీటరు మళ్లీ సున్నా నుంచి మొదలు. ఆపేయడం బదులు ‘కంట్రోలర్ మార్చారా?’ అని అడిగి, అవునంటే పాత గంటల్ని పక్కన దాచి కలుపుకుంటోంది ఇప్పుడు. లేకపోతే తర్వాతి సర్వీసు ఎన్ని గంటలకి రావాలో లెక్క మొత్తం తారుమారు.

బిల్లు సంగతి ముందే తేల్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది. కంపెనీ తమిళనాడులో, కస్టమరు జీఎస్టీ ఆంధ్ర కోడు 37తో, శ్రీసిటీలో కొంత భాగం సెజ్. ఐజీఎస్టీ వేయాలా, సెజ్‌కి సున్నా పన్నుతో వేయాలా అన్నది ఫోను తేల్చాల్సిన విషయం కాదు. యాప్ ఏం వాడారో, ఎంతసేపు పట్టిందో రాసి పంపుతుంది. పన్ను అకౌంట్స్ సంగతి.

మధ్యాహ్నం తడ దగ్గర భోజనం చేస్తూ టెక్నీషియన్ తన సంచీ స్టాకు ఫోన్లో చూపించాడు. ఎస్‌ఏపీ చెప్పినదానికంటే సంచీలో ఫ్యాన్ బెల్టులు రెండు ఎక్కువ ఉన్నాయి. పాత లెక్కలో ఖర్చు రాసేసినవి. “ఇవి చెప్తే నా జీతంలో కోస్తారా సార్?” అని అడిగాడు. కోయరని నేను మాటివ్వలేను. అంబత్తూరు వచ్చి మేనేజరుతో మాట్లాడితే, ఈ నెలాఖరుదాకా ఎవరు ఎంత ఎక్కువ చూపించినా ప్రశ్నలుండవని గ్రూపులో మెసేజీ పెట్టాడు. ఆ మెసేజీ తర్వాత సంచీల్లోంచి బయటపడ్డ సామాను చూసి స్టోరు పెద్దాయన ఇంకో ర్యాకు అడుగుతున్నాడు.

ఆగస్టు 14

ఇప్పటికి ఉన్న స్థితి. ఉత్తర చెన్నై, శ్రీసిటీ బ్యాచీలు యాప్ మీదే నడుస్తున్నాయి. అక్కకి స్టాకు గురించి వచ్చే ఫోన్లు బాగా తగ్గాయి, అడ్రసు గురించి వచ్చేవి అంతగా తగ్గలేదు. ‘ఒకటే, వేరు’ జాబితాలో పెద్ద గుట్టే మిగిలింది. ఆవిడకి దానికోసం రోజూ గంట కేటాయించాలని అడిగాను. మేనేజరు “ఖాళీ ఉన్నప్పుడు చూస్తుందిలే” అన్నాడు. ఆ డెస్కుకి ఖాళీ ఉండదు. మళ్లీ అడగాలి, ఈసారి మెయిల్లో.

దక్షిణ బ్యాచీకి ఇవ్వకముందు తేలాల్సింది ఒకటుంది. వారంటీలో మార్చిన పాత ఏవీఆర్ కార్డులు (జనరేటర్ వోల్టేజీని అదుపులో ఉంచేవి), ఇంజెక్టర్లు తయారీదారుకి తిరిగి పంపాలి, లేకపోతే క్లెయిమ్ రాదు. సైటులో విప్పినప్పటినుంచి స్టోరుకి చేరేదాకా ఆ పాత ముక్క ఏ సిస్టమ్‌లోనూ లేదు. ఎస్‌ఏపీలో దాన్ని విలువ లేని స్టాకుగా తెరవొచ్చని కడప అన్న అంటున్నాడు. అలా చేస్తే ఆడిటర్లు అడుగుతారని అకౌంటెంటు గారు అంటున్నారు. సోమవారం ఇద్దర్నీ, స్టోరు పెద్దాయన్నీ ఒక గదిలో కూర్చోబెడుతున్నాను.